విజయవాడ నుంచి ఆదిలాబాద్‌కు ఫైటర్ చేపతో: నీళ్ల వేడి విషయంలో నా అనుభవం

మా వారికి ఆదిలాబాద్ శాఖకు బదిలీ ఉత్తర్వు అక్టోబరు నెలాఖరులో వచ్చింది. నవంబరు 18లోగా చేరాలన్నారు. సామాను లారీకి మాట్లాడుకున్నాం, గ్యాసు కనెక్షన్ సంగతి చూసుకున్నాం, పాలవాడి లెక్క తేల్చాం. మిగిలింది మా అబ్బాయి చేప. వాడు ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కు వెళ్తూ తన నీలిరంగు ఫైటర్ చేపను నాకు అప్పగించి వెళ్లాడు. పక్కింటివాళ్లకు ఇచ్చేద్దామని నేనంటే, ఫోనులో వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అమ్మా, అది నీ దగ్గరే ఉండనీ, తీసుకెళ్లు" అన్నాడు. దాంతో ఇక వాదన లేదు. బెట్టా అని పుస్తకాల్లో రాసే ఈ చేపకు నీళ్లు ఎంత వేడిగా ఉండాలన్నది అక్కడి నుంచి మొదలైన కథ. చలి గట్టిగా ఉండే ఊళ్లలో దీన్ని పెంచేవారికి ఉపయోగపడుతుందని, ఏది ఎప్పుడు జరిగింది, దేనికి ఎంతయింది అన్నది వరుసగా రాస్తున్నాను.

విజయవాడలో ఈ బాధ మాకు తెలియదు. సంక్రాంతి రోజుల్లో కూడా మా హాలులో తొట్టి నీళ్లు 24 డిగ్రీల కిందికి దిగేవి కావు, మిగతా ఏడాదంతా 27, 28 దగ్గర ఉండేవి. తొట్టి 16 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. అంచు దాకా నింపకపోతే 22 లీటర్లు పడతాయి. అందులో ఒక స్పాంజ్ ఫిల్టరు, గాజుకు లోపల అంటించిన చిన్న థర్మామీటరు, రెండు మొక్కలు, అప్పుడప్పుడు వేసే ఎండు బాదం ఆకు. హీటర్ అన్న మాటే ఎప్పుడూ రాలేదు.

ప్రయాణం కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో. మధ్యాహ్నం విజయవాడలో ఎక్కితే మర్నాడు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో దిగుతాం. అబ్బాయి చెప్పినట్టే చేపకు ముందు రోజు నుంచి మేత ఆపేశాం, దారిలో నీళ్లు పాడు కాకుండా ఉండేందుకు. రెండు లీటర్ల కొత్త ప్లాస్టిక్ డబ్బాలో మూడో వంతు మాత్రమే పాత తొట్టి నీళ్లు పోసి, మిగతా ఖాళీని గాలికి వదిలేశాం. ఈ చేప మొప్పలతో పాటు పైకి వచ్చి నోటితో కూడా గాలి పీలుస్తుంది కాబట్టి నీళ్లకన్నా ఆ ఖాళీయే దానికి ముఖ్యం. డబ్బాను తువ్వాలులో చుట్టి థర్మాకోల్ పెట్టెలో పెట్టాను. స్పాంజ్ ఫిల్టరును పిండకుండా, తడి ఆరకుండా వేరే సంచిలో పెట్టి, ఐదు లీటర్ల క్యానులో పాత నీళ్లు కూడా పట్టుకున్నాం. ఎదుటి బెర్తులో పెద్దావిడ ఆ పెట్టెలో మందులున్నాయనుకుని, "షుగరుకా అమ్మా?" అని అడిగింది. చేప అని చెప్పడానికి నాకు సిగ్గేసి తలూపాను.

సికింద్రాబాద్ దాటేదాకా ఏమీ తెలియలేదు. నిజామాబాద్ తర్వాత బండి మహారాష్ట్రలోకి వెళ్లి, ముద్‌ఖేడ్, కిన్వట్ మీదుగా మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. ఆ దారిలో కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి రగ్గు కప్పుకున్నా వణుకు ఆగలేదు. బయల్దేరేటప్పుడు 27 ఉన్న డబ్బా నీళ్లు ఆదిలాబాద్‌లో దిగి చూసేసరికి 22. పెట్టెలో ఉంచినా ఐదు డిగ్రీలు పోయాయి, కానీ రాత్రంతా నెమ్మదిగా పోయాయి కాబట్టి చేప తట్టుకుంది. ఆ రోజు సాయంత్రానికి లారీ వచ్చింది. తొట్టి నింపి, డబ్బాను అరగంట సేపు ఆ నీళ్లలో తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా డబ్బాలో పోస్తూ చివరికి వదిలాం.

మేం అద్దెకు దిగిన ఇంటికి షాబాదు బండల నేల, ఉత్తరం వైపు వాకిలి. ఎండాకాలం చల్లగా ఉంటుందని చూపించిన ఇల్లు చలికాలం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నవంబరు చివరి వారంలో ఉదయం ఆరింటికి తొట్టిలో 19.5, మధ్యాహ్నం మూడింటికి 22 చూపించేది. డిసెంబరు రెండో వారం వచ్చేసరికి ఈ వైపు చలికి పేరుపడ్డ ఊళ్లు ఆర్లి, సిర్పూర్ పేర్లు పేపరు మొదటి పేజీకి ఎక్కాయి; మా తొట్టిలో ఉదయం పూట 17 కనబడింది.

మార్పులు ఒక్కసారిగా రాలేదు, అందుకే వాటిని పట్టుకోవడానికి కొంత కాలం పట్టింది. ముందు మేత తగ్గింది. పూటకు మూడు గింజలు వేస్తే నీటిపైకి దూకి తినే చేప, ఒకటి నోట్లోకి తీసుకుని ఉమ్మేయడం మొదలుపెట్టింది. తర్వాత రెక్కలు ముడుచుకుంది. విప్పితే విసనకర్రలా ఉండే తోక మూసిన గొడుగులా సన్నగా వేలాడేది. నీలం రంగు మసకబారి బూడిద రంగుకు తిరిగింది. ఆపైన తొట్టి అడుగున, ఫిల్టరు పక్కన ఒరిగి పడుకోవడం. గాలి కోసం పైకి రావడానికి కూడా దానికి ఓపిక చాలనట్టుండేది. ఎప్పుడో ఒకసారి నిట్టనిలువుగా లేచి ఒక బుడగ మింగి, మళ్లీ రాయిలా కిందికి దిగిపోయేది. ఒక ఉదయం తొట్టి దగ్గరికి వెళ్లడానికే భయమేసి, ముందు మా వారిని చూసి రమ్మన్నాను.

ఊళ్లో చేపలమ్మే ఒక దుకాణానికి వెళ్లి చెబితే అతను నవ్వి, "ఏం కాదు మేడం, ఫైటర్ గ్లాసులనే బతుకుతది, దానికి హీటర్ ఎవరన్న పెడతరా?" అన్నాడు. అతని వెనక బల్ల మీద వరసగా ప్లాస్టిక్ గ్లాసుల్లో ఫైటర్లు కదలకుండా ఉన్నాయి. అవి బతికే ఉన్నాయన్న మాట నిజం. నోటితో గాలి పీల్చగలదు కాబట్టి కొంచెం నీళ్లలో, గాలి కలవని నీళ్లలో కూడా ఇది చచ్చిపోదు. దాన్ని చూసి అందరూ దీనికి ఏదైనా సరిపోతుందనుకుంటారు. కానీ ఇది థాయిలాండ్ వరిమళ్లలో, లోతు లేని వెచ్చటి నీళ్లలో పుట్టిన చేప. ఒంటి వేడిని తనంతట తాను నిలబెట్టుకోలేదు, నీళ్లు ఎంత ఉంటే ఒళ్లూ అంతే. నీళ్లు చల్లబడితే తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. దానికి సురక్షితమైన వేడి 24 నుంచి 28 డిగ్రీలు, హాయిగా ఉండేది 25 నుంచి 27 మధ్య. 20 కిందికి పోయిన నీళ్లలో రోజుల తరబడి ఉంచకూడదు, 30 పైన ఎక్కువ రోజులు ఉంచకూడదు. ఈ అంకెలు నాకు అబ్బాయి ఫోనులో పాఠంలా చెప్పాడు. వాడు చెప్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది వేరే ఉంది: 25 అయినా 27 అయినా ఫర్వాలేదు, కానీ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి కాకూడదు.

"మనకే గీజర్ లేదు, చేపకు హీటరా?" అన్నారు మా వారు. గీజర్ కూడా అదే నెలలో పెట్టించుకున్నాం, అది వేరే సంగతి.

ఆ దుకాణంలో 100 వాట్లవీ, 200 వాట్లవీ తప్ప చిన్న హీటర్లు లేవు. 22 లీటర్ల తొట్టికి 100 వాట్లది పెడితే, కావలసిన వేడి రాగానే కరెంటు ఆపే దాని లోపలి థర్మోస్టాట్ ఎప్పుడైనా ఆగకుండా ఇరుక్కుపోతే గంటకు మూడు నాలుగు డిగ్రీల చొప్పున నీళ్లు వేడెక్కిపోతాయని, మనం నిద్ర లేచేసరికి చేప ఉడికిపోయి ఉంటుందని అబ్బాయి లెక్క వేసి చెప్పాడు. 50 వాట్లదైతే అందులో సగమే. 25 వాట్లది మా ఇంటి చలికి అస్తమానం వెలుగుతూనే ఉంటుంది తప్ప చాలదు. అందుకని 50 వాట్ల హీటరు 549 రూపాయలకు, తీగతో వచ్చే డిజిటల్ థర్మామీటరు 180 రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించాం. నాలుగు రోజుల్లో వస్తుందన్న పార్సిలు ఆరో రోజున, డిసెంబరు 19న వచ్చింది.

ఆ మధ్య రోజులు నాకు బాగా గుర్తు. తొట్టిని హాలులోంచి పడకగదిలోకి మార్చాం. వంటింట్లో వెచ్చగా ఉంటుంది కదా అని మా వారన్నారు గానీ, పోపు పొగ, నూనె ఆవిరి నీటిపై గాలిలో కలిస్తే పైకి వచ్చి ఆ గాలే పీల్చే చేపకు మంచిది కాదని వద్దన్నాను. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోల్ అట్టలు కింద ఒకటి, మూడు పక్కలా మూడు పెట్టాం. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు, అంటే 60 డిగ్రీల దగ్గరవి, అరలీటరు సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి తొట్టిలో తేలేయడం మరో పని. ఒక్కో సీసాకు తొట్టి నీళ్లు ఒక డిగ్రీ పెరిగేవి; గంటన్నర రెండు గంటల్లో ఆ డిగ్రీ మళ్లీ పోయేది. రాత్రి పదింటికి, రెండింటికి, ఐదింటికి లేచి సీసాలు మార్చేదాన్ని. మా అబ్బాయి చిన్నప్పుడు జ్వరానికి తడిగుడ్డ వేస్తూ కూర్చున్న రాత్రులు గుర్తొచ్చాయి, ఇక్కడ పని తలకిందులైనా సరే. వేడినీళ్లు నేరుగా తొట్టిలో పోస్తే త్వరగా అయిపోయేదే, కానీ పోసిన చోట చేప ఉంటే కాలుతుంది, ఒక్కసారిగా మూడు నాలుగు డిగ్రీలు పెరగడం చలికన్నా ప్రమాదం.

హీటరు రాగానే తొట్టిలో పెట్టలేదు. బకెట్లో నీళ్లు పోసి ఒక పగలు, ఒక రాత్రి అందులో ఉంచి చూశాం. అక్కడే తెలిసింది, దాని చక్రం మీద 26 దగ్గర పెడితే నీళ్లు 28కి వెళ్లి ఆగుతున్నాయి. చక్రాన్ని 24 దగ్గరకు తిప్పితే 26 వచ్చింది. ఇక ఏ థర్మామీటరును నమ్మాలన్నది ఇంకో తగువు, ఎందుకంటే పాత గాజుదీ కొత్త డిజిటల్‌దీ ఒక డిగ్రీ తేడా చూపించాయి. మంచుగడ్డలు దంచి కాసిన్ని నీళ్లు కలిపి గ్లాసులో పెడితే ఆ నీళ్లు సరిగ్గా సున్నా దగ్గర ఉంటాయి. అందులో డిజిటల్ తీగ ముంచితే 0.2 చూపించింది. కాబట్టి గాజుదే ఒక డిగ్రీ తక్కువ చూపిస్తోంది, మేం 17 అనుకున్నది నిజానికి 18. చేపకు చలేమీ తగ్గలేదు గానీ నా మనసుకు కొంచెం ఊరట.

గాజు హీటరును నీళ్లలో ముంచిన వెంటనే స్విచ్ వేయకూడదు. అరగంట అలా ఉంచి, గాజు నీళ్ల వేడికి వచ్చాక వేయాలి. తీసేటప్పుడు కూడా స్విచ్ ఆపి అంతసేపు ఆగాలి, లేకపోతే గాజు చిట్లుతుంది. వైరు ప్లగ్ దగ్గరికి నేరుగా వెళ్లకుండా, ప్లగ్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా చూసుకోవాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది తప్ప ప్లగ్‌లోకి వెళ్లదు. హీటరును స్పాంజ్ ఫిల్టరు పక్కనే ఏటవాలుగా అంటించాం, బుడగలు లేపే కదలికకు వేడి తొట్టంతా పాకడానికి. మొదటి రోజు 20కి, రాత్రికి 22కి, మర్నాడు 24కి, ఆ సాయంత్రం 26కి, ఇలా మెట్లు మెట్లుగా పెంచాం. హీటరుకున్న చిన్న ఎర్రలైటు ఆరితే పని చేయడం లేదేమోనని, వెలిగితే ఆగడం లేదేమోనని మొదటి రాత్రి నిద్రే లేదు.

22 దాటిన పూట చేప అడుగు నుంచి లేచి మొక్క ఆకు మీద కూర్చుంది. 25 దగ్గర తోక విప్పింది. మూడో రోజు ఉదయం గింజ వేస్తే నీళ్లు చిందేలా దూకి పట్టుకుంది. నేను వెంటనే హాస్టల్‌కు ఫోను చేశాను, వాడు క్లాసులో ఉన్నాడని కూడా ఆలోచించలేదు. డిసెంబరు చివర్లో నీటి పైన ఒక మూల తెల్లటి బుడగల గుంపు కనబడితే నురగ అనుకుని తీసేయబోయాను. అది మగ ఫైటరు నోటితో కట్టే గూడట. వెచ్చదనం, నెమ్మది ఉన్నప్పుడు కడుతుందట. తొట్టి మూత విషయం కూడా ఆ రోజుల్లోనే అర్థమైంది. సందు మాత్రమే వదిలి గాజు పలక మూసేస్తే, నీటిపైన గాలి కూడా వెచ్చగా ఉండి, చేప పైకి వచ్చి పీల్చేది చల్లటి గాలి కాకుండా ఉంటుంది, దానికి తోడు ఎర్రలైటు వెలిగే సమయమూ తగ్గింది.

కరెంటు ఖర్చుకు అందరూ భయపెట్టారు. గది 17 దగ్గర ఉన్న రోజుల్లో హీటరు రోజులో సుమారు సగం సేపు వెలిగేది, అంటే రోజుకు 0.6 యూనిట్లు, నెలకు 18. మా శ్లాబులో అది 90 రూపాయల లోపే. అసలు ఖర్చు వేరే వైపు నుంచి వచ్చింది. జనవరి మొదటి వారంలో ఒక రాత్రి ఒంటిగంటకు పోయిన కరెంటు నాలుగున్నర దాకా రాలేదు. ఇన్వర్టర్ ఉంది కదా అని నేను నిశ్చింతగా పడుకున్నాను. తీరా చూస్తే హీటరు పెట్టిన ప్లగ్‌కు ఇన్వర్టర్ లైను లేదు. లేచి చూసేసరికి 26లో ఉండాల్సిన నీళ్లు 23.5. థర్మాకోల్ అట్టలున్నాయి కాబట్టి అంతే, లేకపోతే ఆ చలికి గంటకో డిగ్రీ పడిపోయేవి. నాలుగో పక్కన కూడా అట్ట ఆనించి, పైన రగ్గు కప్పాను, ఒక మూల గాలికి వదిలి. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్‌కు ఇన్వర్టర్ లైను లాగించాం, 350 రూపాయలు తీసుకున్నాడు. 50 వాట్లంటే ఒక సీలింగ్ ఫ్యాను కన్నా తక్కువే కాబట్టి ఇన్వర్టర్‌కు అది పెద్ద భారం కాదు.

నీళ్లు మార్చడం చలికాలంలో నాకు అన్నిటికన్నా విసుగు తెప్పించిన పని. వారానికొకసారి నాలుగోవంతు, అంటే ఐదు లీటర్లకు పైగా తీసి కొత్తవి పోయాలి. పోసే నీళ్లకూ తొట్టి నీళ్లకూ తేడా ఒకటి రెండు డిగ్రీలు దాటకూడదు. పైన నల్లట్యాంకు నీళ్లు ఉదయం 13 డిగ్రీలు. ఇంటావిడ, "బోరు మోటరేసి పట్టుకో అక్కా, పొద్దుగాల బోరు నీళ్లు వెచ్చగ ఉంటయి" అంది. తీగ ముంచి చూస్తే నిజంగానే 26. భూమి లోపలి నీళ్లకు పై చలి అంత త్వరగా అందదు, ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే అప్పుడే తోడిన బోరు నీళ్లను నేరుగా పోయకూడదు. లోపల ఇమిడి ఉన్న వాయువులు పోయి బయటి గాలి కలిసేదాకా ఒక రోజు బకెట్లో నిలవ ఉంచాలి, ఆ ఒక్కరోజులో అవి 17కి వచ్చేస్తాయి. చివరికి నిలవ ఉంచిన బకెట్లో కెటిల్‌లో కాచిన నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, థర్మామీటరు 26 చూపించాక చెంబుతో పోయడం అలవాటైంది. ఐదు లీటర్ల 17 డిగ్రీల నీళ్లకు సుమారు 600 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు సరిపోతాయి.

జనవరి రెండో వారంలో చేప రెక్కల మీద రవ్వంత తెల్లటి చుక్కలు కనబడ్డాయి. డిసెంబరు చలిలో బలహీనపడినప్పుడే అంటుకుని ఉంటుందని అబ్బాయి అన్నాడు. ఈ తెల్లమచ్చల రోగానికి మందు కన్నా ముందు వేడే వైద్యం, ఎందుకంటే ఆ పరాన్నజీవి చేప ఒంటిని వదిలి నీళ్లలో ఈదేటప్పుడే చస్తుంది, చల్లటి నీళ్లలో అది వారాల తరబడి ఒంటికి పట్టుకునే ఉంటుంది, వెచ్చటి నీళ్లలో కొద్ది రోజుల్లో బయటికొస్తుంది. రెండు రోజుల్లో మెల్లగా 29.5కు పెంచాం. ఐదు లీటర్లకు ఒక చెంచా లెక్కన అయోడిన్ కలపని కల్లుప్పు వేరే నీళ్లలో కరిగించి పోశాం. వెచ్చటి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది కాబట్టి ఎయిర్ పంపు రాత్రింబగళ్లు ఆపలేదు. చుక్కలు వారంలో పోయినా, నీళ్లలో మిగిలినవి కూడా పోవాలని రెండు వారాల దాకా ఆ వేడి తగ్గించలేదు. ఉప్పు ఆవిరైపోదు, నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్ల మేరకే మళ్లీ వేయాలి. ఈ చిన్న సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు, ఉప్పు ప్యాకెట్ మీదా రాసి లేదు.

ఫిబ్రవరి చివర హీటరు లైటు వెలగడం తగ్గి, హోలీ వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. మార్చిలో మా పని సున్నా. ఏప్రిల్ 20 ప్రాంతంలో మధ్యాహ్నం తొట్టి నీళ్లు 32 చూపించాయి.

చలిలో ముడుచుకునే చేప ఎండలో తిక్కతిక్కగా తిరుగుతుంది. ఒక చోట నిలవదు, గాలి కోసం మాటిమాటికీ పైకొస్తుంది, ఎంత వేసినా తింటుంది. అది ఆరోగ్యం అనుకునే ప్రమాదం ఉంది. వేడికి ఒంట్లో ప్రతి పనీ వేగంగా నడుస్తోందన్నమాట, అలా నడిచినన్నాళ్లూ ఆయుష్షు తరుగుతుంది. మేత ఎక్కువ వేయలేదు. 26కి దించాలన్న ఆశ కూడా పెట్టుకోలేదు. బయట 44 డిగ్రీలున్న ఊళ్లో 30 దాటకుండా, పగటికీ రాత్రికీ పెద్ద తేడా రాకుండా ఉంచితే చాలనుకున్నాం.

చౌకగా పని చేసింది ఫ్యాను. గాజు మూత తీసేసి, చేప దూకకుండా దోమతెర గుడ్డ బిగించి కట్టి, నీటి ఉపరితలం మీదుగా వీచేలా చిన్న టేబుల్ ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి. ఆదిలాబాద్ ఎండాకాలపు పొడిగాలికి 32 ఉన్నవి 29.5కు దిగాయి. దానికి వెల, రోజూ ముప్పావు లీటరు నీళ్లు తగ్గిపోవడం. ఆ తరుగును బోరు నీళ్లతో నింపితే తొట్టిలో లవణాలు పేరుకుపోతాయి, అందుకని ఫిల్టరు చేసిన తాగే నీళ్లు పోసేదాన్ని. కూలర్ ఉన్న గదిలో మాత్రం ఈ ఫ్యాను కిటుకు అంతగా పారదు, గాలిలో తేమ అప్పటికే ఎక్కువ కాబట్టి. అక్కడ గదే చల్లబడుతుంది, అదే మేలు.

మంచు సీసా ఎప్పుడూ ఆఖరి మార్గంగానే ఉంచుకున్నాం. అరలీటరు గడ్డకట్టిన సీసా 22 లీటర్లలో పూర్తిగా కరిగితే నీళ్లు సుమారు రెండున్నర డిగ్రీలు పడిపోతాయి, అదీ గంటా రెండు గంటల్లో. అందుకని పావులీటరు సీసా మాత్రమే వేసి, ఒక డిగ్రీ తగ్గగానే తీసేసేదాన్ని. వాడింది కూడా మేలో ఫ్యాను తిరగని కరెంటు కోత మధ్యాహ్నాల్లోనే. నల్లట్యాంకు విషయంలో మాత్రం చలికాలం పాఠం తిరగబడింది: మధ్యాహ్నం రెండింటికి కుళాయి నీళ్లు 39 డిగ్రీలు. నీళ్లు మార్చడానికి ముందు రోజు ఉదయం ఆరింటికే పట్టి, బకెట్‌ను తొట్టి పక్కనే ఉంచితే రెండూ ఒకే వేడికి వచ్చేవి, కలపడాలు, కాచడాలు అక్కర్లేకుండా.

జూన్ మూడో వారంలో వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి ఫ్యాను పని చేయడం మానేసింది, అప్పటికి దాని అవసరమూ తీరింది. జులై నుంచి ఏ యంత్రమూ లేకుండా పొద్దునా సాయంత్రం 27, 28 చూపిస్తోంది. హీటరు గాజు మీద బోరు నీళ్ల సున్నం తెల్లటి పొరలా గట్టిపడింది. దాన్ని ప్లగ్ తీసి, ముందు భాగం మాత్రం వెనిగర్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి ముంచి, మెత్తటి బ్రష్‌తో రుద్ది కడిగి, అట్టపెట్టెలో పెట్టాను. చలి మొదలయ్యే ముందు మళ్లీ బకెట్లో ఒక పగలూ రాత్రీ నడిపి చూడాలి, ఒక ఏడాది వాడిన థర్మోస్టాట్ చక్రం మీద అంకెకు ఇప్పుడెంత తేడాగా ఆగుతుందో చూడకుండా తొట్టిలో పెట్టను. చేపకు మూడేళ్లు దాటాయి, ఈ జాతికి అది పెద్ద వయసే కాబట్టి కిందటేడాది కన్నా ముందే, ఉదయం పూట వరుసగా 24 కిందికి చూపించడం మొదలైన వారంలోనే హీటరు దించాలని అబ్బాయితో అనుకున్నాం. ఈసారి రెండో హీటరు ఒకటి, అదే 50 వాట్లది, ముందుగానే తెప్పించి అలమరలో ఉంచాను.